లాప్‌టాప్ సరే, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుంది?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు పండక్కి ఊరెళ్తే తప్పించుకోలేని ప్రశ్నలు రెండు. పెళ్ళెప్పుడు అన్నది మొదటిది. "మావాడు బీటెక్‌లో చేరుతున్నాడు, ఏ లాప్‌టాప్ కొనమంటావు?" అన్నది రెండోది. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి మాత్రం ఎప్పుడో బట్టీ పట్టి పెట్టుకున్నాను. 16 జీబీ ర్యామ్ ఉంటే మంచిది, ఎస్ఎస్‌డీ తప్పనిసరి, గ్రాఫిక్స్ కార్డు పేరు చెప్పి 20 వేలు ఎక్కువ అడిగితే ఇవ్వకండి, మిగిలిన డబ్బులతో మంచి బ్యాగు కొనండి. మీలో చాలామంది దగ్గర కూడా ఇలాంటి క్యాసెట్టు ఒకటి ఉండే ఉంటుంది.

కొంటారు. పసుపు రాసి బొట్టు కూడా పెడతారు. ఆ తర్వాత దాంతో పిల్లలు ఏం చేస్తున్నారో మనం అడగం, వాళ్ళూ చెప్పరు. ఈ మధ్య కుతూహలం కొద్దీ చుట్టాల పిల్లల లాప్‌టాప్‌లు రెండు మూడు చూశాను (వాళ్ళ అనుమతితోనే లెండి). అన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఉన్న ఫైళ్ళన్నీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో. ఒకే సిలబస్ పీడీఎఫ్ పదకొండు కాపీలు, పేరు చివర బ్రాకెట్లో 1 నుంచి 10 దాకా అంకెలతో. ఎందుకురా అంటే, కావాల్సినప్పుడల్లా వాట్సాప్ గ్రూపులో పైకి వెతుక్కుంటూ వెళ్ళి మళ్ళీ డౌన్‌లోడ్ చేసుకుంటాడట. ముందు దించుకున్నది ఎక్కడికి పోయిందో ఎప్పుడూ ఆలోచించలేదు.

వీళ్ళు తెలివితక్కువ పిల్లలేం కాదు. ఆ కుర్రాడే ఫోన్లో కైన్‌మాస్టర్ పెట్టి పది నిమిషాల్లో పెళ్ళి వీడియో ఎడిట్ చేసి పాట కూడా అతికించేస్తాడు. నావల్ల కాదు ఆ పని. పుట్టిన దగ్గర్నుంచీ చేతిలో ఫోనుంది కాబట్టి వీళ్ళకి కంప్యూటర్లు మనకంటే బాగా తెలుసని పెద్దవాళ్ళ నమ్మకం. నిజానికి వీళ్ళకి తెలిసింది ఫోను. ఫోను తయారు చేసినవాళ్ళు ఫైలు, ఫోల్డరు అన్న సంగతే కంటికి కనబడకుండా దాచేశారు. ఫొటో అంటే గ్యాలరీలో ఉంటుంది, పాట అంటే యాప్‌లో ఉంటుంది. "అది ఎక్కడుంది?" అన్న ప్రశ్నే పుట్టదు.

ఇది మన ఊళ్ళ సమస్యే అనుకున్నాను గానీ, కాదు. 2021 సెప్టెంబరులో ద వెర్జ్ పత్రికలో మోనికా చిన్ అనే ఆవిడ ఇదే విషయం మీద పెద్ద వ్యాసం రాసింది. అమెరికాలో కేథరిన్ గార్లాండ్ అనే ఖగోళ భౌతిక శాస్త్ర ప్రొఫెసర్ 2017లో ఇంజనీరింగు పిల్లలకి ఒక సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ నేర్పిస్తుంటే, ప్రోగ్రాముకి ఫైలు దొరకడం లేదని పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారట. ఫైలు ఎక్కడ సేవ్ చేశారు అని ఆవిడ అడిగితే, ఆ ప్రశ్నకి అర్థమేంటో వాళ్ళకి తెలియలేదట. అక్కడి పిల్లల పరిస్థితే అదైతే, ఇంటర్ దాకా కంప్యూటరు ముట్టుకోనివ్వకుండా పెంచిన మన పిల్లల్ని ఏమనగలం?

మన తరానికి ఇవన్నీ తెలిశాయంటే అది మన గొప్ప కాదు, మన కష్టాల పుణ్యం. కాలేజీ ల్యాబులో టర్బో సీ నీలి తెర మీద రాసిన ప్రోగ్రాము బిన్ ఫోల్డర్లో పడేది, అక్కణ్ణుంచి వెతికి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. ఆ పెన్‌డ్రైవ్‌లో షార్ట్‌కట్ వైరస్ చేరి ఫైళ్ళన్నీ మాయమైతే, వాటిని మళ్ళీ రప్పించడానికి కమాండ్ ప్రాంప్టులో ఏదో కొట్టేవాళ్ళం. ఎవరూ పాఠంలా చెప్పలేదు, అవసరం కొద్దీ వచ్చింది. ఇప్పుడు ఆ అవసరం లేదు కాబట్టి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. కాలేజీలో చెబుతున్నారా అంటే, ఇంటర్‌నెట్ ఆఫ్ థింగ్స్ చెబుతున్నారు.

సరే, అసలు నేను ఇదంతా రాయడానికి కారణం ఫోల్డర్లు కాదు. వాటికంటే పెద్దది ఒకటి గత దసరాకి బయటపడింది.

మా పిన్ని కూతురు గుంటూరు దగ్గర ఒక కాలేజీలో బీటెక్ మూడో సంవత్సరం. హైదరాబాదులో ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కి ఎంపికైంది. స్టైపెండ్ వస్తుంది, బాగా చేస్తే ఉద్యోగమూ ఇస్తారట. మా పిన్ని ఊరంతా చెప్పేసింది. కంపెనీ హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది, సోమవారం లోపు టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ అప్‌లోడ్ చేయాలని. తీరా చూస్తే ఆ మెయిల్ అమ్మాయి తెరవలేకపోతోంది. నోటిఫికేషన్లో పైన రెండు లైన్లు కనిపించాయి గానీ, ఆ వారమే ఫోను మార్చింది. కొత్త ఫోన్లో లాగిన్ అవబోతే పాస్‌వర్డ్ తప్పంటోంది. మర్చిపోయాను అని నొక్కితే, చివర ఫలానా రెండు అంకెలున్న నంబరుకి కోడ్ పంపుతాను అంటోంది గూగుల్. ఆ రెండు అంకెలతో ముగిసే నంబరు ఇంట్లో ఎవరికీ లేదు.

గంటసేపు జుట్టు పీక్కున్నాక మా బాబాయ్‌కి వెలిగింది. ఆ నంబరు వాళ్ళ ఊరి నెట్ సెంటర్ ఆయనది! ఇంటర్లో ఉండగా ఈఏపీసెట్ దరఖాస్తుకి వెళ్ళినప్పుడు, మెయిల్ ఐడీ కావాలంటే ఆయనే చేసి పెట్టాడు. రికవరీ నంబరు ఆయనదే పెట్టాడు. పాస్‌వర్డ్ కూడా ఆయనే పెట్టాడు, అమ్మాయి పేరు పక్కన 123. కౌన్సెలింగ్, స్కాలర్‌షిప్, కాలేజీ పోర్టల్, బ్యాంకు ఖాతా, చివరికి ఈ ఇంటర్న్‌షిప్ దాకా, ఆ ఒక్క మెయిల్ మీదే నడిచిపోయింది మూడేళ్ళుగా.

ఆయన మంచివాడు. ఫోన్ చేస్తే "అయ్యో, చెప్పండి సార్" అంటూ వచ్చిన కోడ్ వెంటనే చదివి చెప్పాడు. అలాంటి కోడ్‌లు రోజూ చెబుతూనే ఉంటాడట, ఆయన నంబరు మీద ఎంతమంది ఖాతాలు ఉన్నాయో ఆయనకే లెక్క తెలియదు. కానీ ఒకసారి ఆలోచించండి. ఆయన సిమ్ మార్చేసి ఉంటే? కొన్నాళ్ళు వాడని నంబరుని టెలికాం కంపెనీలు ఇంకొకరికి ఇచ్చేస్తాయి కదా, ఆ కొత్త మనిషి ఫోనుకి ఈ అమ్మాయి కోడ్‌లు వెళ్తుంటే? మంచివాడు కాకపోయి ఉంటే? కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు ఇచ్చేది కూడా ఇలాంటి ఓటీపీలతోనే. నాలుగేళ్ళ చదువు ఏ కాలేజీలో అన్నది తేలే చోట, తాళంచెవి ఇంకొకరి జేబులో ఉంది.

మీరు మీ ఊళ్ళో ఒకసారి అడిగి చూడండి, కథ మరీ కొత్తగా ఏం ఉండదు. నెట్ సెంటర్ కాకపోతే కాలేజీ పీఆర్వో, ఆయన కాకపోతే కోచింగ్ సెంటర్. కొంతమందికి అమ్మానాన్నల నంబరు ఉంటుంది, అది కొంచెం నయం. ఇంకొంతమంది ఉద్యోగ దరఖాస్తులన్నీ కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీతో చేసేస్తారు. అది కాలేజీ సొత్తు, చదువైపోయాక ఎప్పుడు మూసేస్తారో వాళ్ళిష్టం.

ఆ శనివారం పొద్దున్నే నేనూ మా చెల్లీ కూర్చున్నాం. ఏం చేశామో కాస్త వివరంగానే రాస్తాను, ఎవరికైనా పనికొస్తుందని.

మొదట గూగుల్ ఖాతాలో రికవరీ నంబరు తనది పెట్టించాను, రెండో మెయిల్‌గా వాళ్ళ నాన్నది. ఇక్కడో మెలిక ఉంది. నంబరు మార్చినా ఒక ఏడు రోజుల పాటు పాత నంబరుకి కూడా కోడ్ పంపే అవకాశం గూగుల్ ఉంచుతుంది, దొంగలెవరైనా మారిస్తే అసలు మనిషి వెనక్కి తెచ్చుకోవడానికి. కాబట్టి ఇలాంటివి చివరి నిమిషంలో కాక ముందే చేసి పెట్టుకోవాలి. తర్వాత రెండంచెల లాగిన్ పెట్టి, బ్యాకప్ కోడ్‌లు తీశాం. పది కోడ్‌లు ఇస్తాడు, ఒక్కో దానిలో ఎనిమిది అంకెలు, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఫోను పోయినా వీటితో లోపలికి వెళ్ళొచ్చు. స్క్రీన్‌షాట్ తీసుకోబోయింది. పోయే ఫోన్లోనే పెట్టుకుంటే ఏం లాభం అని కాగితం మీద రాయించాను. మా పిన్ని ఆ కాగితాన్ని తీసుకెళ్ళి బీరువాలో పొలం పాస్‌పుస్తకాల కవర్లో పెట్టింది. ఈ మొత్తం వ్యవహారంలో భద్రత గురించి సరిగ్గా అర్థం చేసుకున్నది ఆవిడే అనిపించింది నాకు :)

తర్వాత కాగితాలు. టెన్త్ మెమో ఎక్కడుంది అంటే నాన్న వాట్సాప్‌లో ఉందంది. తెరిస్తే, ఎప్పుడో దుప్పటి మీద పెట్టి తీసిన ఫొటో. వాట్సాప్ దాన్ని నలిపేసి పంపింది కాబట్టి మార్కులు సరిగ్గా కనబడటం లేదు. ఫొటోని ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుందని చెబితే ఆశ్చర్యపోయింది. గూగుల్ డ్రైవ్ యాప్‌లోనే స్కాన్ చేసే సౌకర్యం ఉంది. దాంతో అన్నీ మళ్ళీ స్కాన్ చేశాం, అంచులు అదే కత్తిరించుకుంటుంది. డిజిలాకర్ ఖాతా తెరవబోతే ఆధార్‌కి లింకైన నంబరు బాబాయ్‌ది. ఆ ఓటీపీకి బాబాయ్ పొలం నుంచి వచ్చేదాకా ఆగాం.

డిజిలాకర్ 2015 నుంచి ఉన్నా మన పిల్లలకి దాని విలువ ఎవరూ చెప్పినట్టు లేదు. అందులో రెండు రకాలు ఉంటాయి. బోర్డు, యూనివర్సిటీ, ఆదాయపు పన్ను శాఖ లాంటివాళ్ళు నేరుగా జారీ చేసినవి ఒకటి, మనం స్కాన్ చేసి పడేసినవి రెండోది. మొదటి రకానికి అసలు కాగితంతో సమానమైన చట్టబద్ధత ఉంది. రెండోది ఉత్త గిడ్డంగి. చాలామంది రెండోదే చేసి డిజిలాకర్లో పెట్టేశాం అనుకుంటారు.

ఆధార్ దగ్గర ఇంకో తమాషా. ఈ-ఆధార్ పీడీఎఫ్ దించుకుంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. అదేంటంటే ఇంగ్లీషులో పేరులో మొదటి నాలుగు అక్షరాలు పెద్దబడిలో, ఆ పక్కనే పుట్టిన సంవత్సరం. ఇది తెలియక జిరాక్స్ షాపుకి వెళ్ళి ఆయనతో తెరిపించి, ప్రింటు తీయించి, ఆ ప్రింటుని ఫోన్లో ఫొటో తీసి, ఆ ఫొటోని పీడీఎఫ్ చేసి అప్‌లోడ్ చేస్తారు. నవ్వొస్తుంది గానీ, ఆ షాపు కంప్యూటర్లో ఎంతమంది ఆధార్‌లు డెస్క్‌టాప్ మీద పడున్నాయో తలుచుకుంటే నవ్వు ఆగిపోతుంది.

ఇక ఫొటో 50 కేబీ లోపు ఉండాలి, సంతకం 20 కేబీ లోపు ఉండాలి అన్న షరతులు. ఏ ప్రభుత్వ దరఖాస్తు చూసినా ఇదే గోల, పిల్లల్ని నెట్ సెంటర్‌కి తోసేది కూడా ఎక్కువగా ఇదే. ఫోన్లో తీసిన ఫొటో 3, 4 ఎంబీ ఉంటుంది. దాన్ని తగ్గించమంటే స్క్రీన్‌షాట్ తీస్తారు, దాన్ని మళ్ళీ స్క్రీన్‌షాట్ తీస్తారు. ఎందుకు తగ్గుతుందో తెలియదు, ఎంత తగ్గుతుందో తెలియదు. కేబీ అంటే ఏంటి, పిక్సెల్ అంటే ఏంటి, జేపెగ్‌లో క్వాలిటీ తగ్గించడమంటే ఏంటి అని ఒక పావుగంట కాగితం మీద గీసి చెప్పాను. నాలుగు వేల పిక్సెళ్ళ వెడల్పున్న బొమ్మని 350 పిక్సెళ్ళకి కుదిస్తే సగం పని అయిపోతుంది, మిగతాది క్వాలిటీ తగ్గించడమే. విండోస్‌లో పెయింట్ చాలు. లేదంటే స్క్వూష్ అని గూగుల్ వాళ్ళదే ఒకటుంది, బ్రౌజర్లో నడుస్తుంది, బొమ్మ మన కంప్యూటర్ దాటి బయటికి పోదు. "కంప్రెస్ పీడీఎఫ్ ఫ్రీ" అని వెతికి మొదట వచ్చిన సైటులో ఆధార్, పాన్ ఎక్కించేయడం కంటే ఇది ఎంతో నయం కదా. పావుగంట పాఠం తర్వాత సంతకం 18 కేబీకి తనే తెచ్చింది. ఆ మొహంలో సంతోషం చూడాలి, సెమిస్టర్ పాసైనప్పుడు కూడా అంత ఉండి ఉండదు.

ఆదివారం మధ్యాహ్నానికి అన్నీ అప్‌లోడ్ చేసేసింది. సర్టిఫికెట్లకి ఒక ఫోల్డర్, చదువుకి ఒకటి, దరఖాస్తులకి ఒకటి. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత అదేమిటో రెండు ముక్కల్లో. ఇంతకంటే పెద్ద పద్ధతులు పెడితే ఎవరూ పాటించరు. అదే ఫోల్డర్ గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ. డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిల్, ఫొటోలు కూడా. ఫొటోలతో అది నిండిపోతే కొత్త మెయిల్స్ రావడం ఆగిపోతుందని చెప్పాను. ఇంటర్వ్యూ మెయిల్ రాకపోవడానికి కారణం పెళ్ళి వీడియోలు అయితే ఎలా ఉంటుంది!

ఇంత చేశాక "అన్నయ్యా, చదువుకి పనికొచ్చే యాప్‌లేమైనా చెప్పు, యూట్యూబ్‌లో విద్యార్థులకి టాప్ 25 ఏఐ టూల్స్ అని చూశాను" అంది. అవి నేనూ చూశాను. ఆ పాతికలో ఇరవై వచ్చే ఏడాది ఉండవు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో 8వ తరగతి పిల్లలకి బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు ఇచ్చింది. 2024 జులైలో ఆ కంపెనీయే దివాలా విచారణకి వెళ్ళింది. వాటిని కొందరు పిల్లలు బాగానే వాడుకున్నారని విన్నాను, కాదనను. కానీ యాప్ పేరు నేర్చుకోవడం వేరు, పని నేర్చుకోవడం వేరు.

నా మట్టుకు నేను మూడు నాలుగు మాత్రమే చెప్పాను. ఒకటి గిట్. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నల్ కోసం రాసుకున్న పనిముట్టు, మనందరి అన్నం దాంతోనే. మూడో సంవత్సరం ప్రాజెక్టుని "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "సార్ చెప్పిన ఫైనల్" అని మూడు జిప్ ఫైళ్ళుగా వాట్సాప్‌లో తిప్పుకునే బదులు, మొదటి రోజు నుంచీ గిట్‌లో పెడితే చాలు. కమిట్, పుష్, పుల్ వస్తే కాలేజీకి సరిపోతుంది. రీబేస్ గురించి ఉద్యోగంలో చేరాక ఏడవొచ్చు. రెండోది అంకి. ఏదైనా కొద్ది రోజుల విరామాలతో మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుంటే నిలుస్తుందనే పాత సూత్రం మీద పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్, గేట్ రాసేవాళ్ళకి, గ్రూప్స్ రాసేవాళ్ళకి భలే పనికొస్తుంది. మూడోది ఎన్‌పీటెల్. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టినది, పాఠాలన్నీ ఉచితం, సర్టిఫికెట్ కావాలనుకుని పరీక్ష రాస్తేనే ఫీజు. కొన్ని వీడియోలు పాతబడ్డాయి, కొంతమంది ప్రొఫెసర్లు నిద్రపుచ్చుతారు, అయినా డేటాబేస్ గురించి పదిహేను నిమిషాల రీల్ కంటే మేలు.

నాలుగోది పనిముట్టు కాదు, అలవాటు. ఎర్రర్ చదవడం. ఇది చాలా విచిత్రంగా అనిపిస్తుంది నాకు. జూనియర్లు, చుట్టాల పిల్లలు నాకు పంపేది ఎలా ఉంటుందంటే, లాప్‌టాప్ స్క్రీన్‌ని ఫోన్‌తో ఏటవాలుగా తీసిన ఫొటో, కింద "అన్నా రావట్లేదు" అని. ఫొటోలో సగం ట్యూబ్‌లైటు. పైథాన్ అయితే ఆఖరి లైనులో తప్పేంటో రాసే ఉంటుంది, దానికి కాస్త పైన ఏ ఫైల్లో ఏ లైనో కూడా ఉంటుంది. ఆ ఎర్ర అక్షరాలు తిట్టు కాదు, సమాచారం. చదివి, అర్థం కాని ముక్కని కాపీ చేసి, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్లో వెతికితే అదే మాట ఉన్న పేజీలు వస్తాయి. వద్దనుకున్న పదం ముందు మైనస్ పెట్టడం, ఫైల్‌టైప్ అని రాసి కోలన్ పెట్టి పీడీఎఫ్‌లే తెప్పించుకోవడం, సైట్ అని రాసి కోలన్ పెట్టి ఒకే యూనివర్సిటీ సైటులో వెతకడం, ఈ మూడూ చూపిస్తే మా చెల్లి పాత ప్రశ్నపత్రాలు కొన్ని అక్కడికక్కడే పట్టేసింది.

"ఇవన్నీ ఎందుకు, చాట్‌జీపీటీని అడిగితే చెప్పేస్తుంది కదా" అంటారు పిల్లలు. నిజమే, చెప్పేస్తుంది. నేనూ ఆఫీసులో రోజూ వాడుతున్నాను, వాడొద్దని పిల్లలకి చెప్పడం హిపోక్రసీ అవుతుంది. పైగా తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి ఏడాది ఇంగ్లీషు లెక్చర్లతో తల బద్దలు కొట్టుకునే పిల్లాడికి, పాయింటర్ అంటే ఏంటో తెలుగులో చెప్పు, మా ఊరి పోస్టాఫీసు ఉదాహరణతో చెప్పు అని అర్ధరాత్రి అడిగినా విసుక్కోకుండా చెప్పేది ఇంకెవరున్నారు? ఆ అదృష్టం మనకి లేదు.

గొడవ ఎక్కడంటే, తెలియనిది కూడా తెలిసినట్టే చెబుతుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఒక విమాన సంస్థ మీద కేసులో చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులను కోర్టుకి సమర్పించారు. అసలు అలాంటి తీర్పులే లేవు, అది కల్పించింది. జడ్జి 5,000 డాలర్లు జరిమానా వేశాడు. వాళ్ళు చదువుకున్న లాయర్లు. మన పిల్లలు సెమినార్ రిపోర్టు చివర పెట్టే పుస్తకాల పేర్లలో ఎన్ని నిజంగా ఉన్నాయో ఏ లెక్చరరూ వెతికి చూడటం లేదు కాబట్టి బతికిపోతున్నారు. మా చెల్లికి నేను చెప్పింది ఒకటే. అది ఇచ్చిన కోడ్‌లో ఒక లైను తీసేస్తే ఏమవుతుందో నువ్వు ముందే చెప్పగలిగితే వాడుకో, చెప్పలేకపోతే అదే లైను గురించి దాన్ని మళ్ళీ అడుగు. పేరు, తేదీ, సంఖ్య, సెక్షన్ నంబరు లాంటివి మాత్రం అసలు మూలంలో చూడకుండా రాయకు. ఇంటర్వ్యూల్లో కూర్చునే మీకు తెలుసు కదా, తను రాసిన ప్రాజెక్టులో ఒక ఫంక్షన్ ఎందుకుందో చెప్పలేని పిల్లలు ఈ మధ్య ఎంతమంది వస్తున్నారో.

మోసాల గురించి కూడా మాట్లాడాం, అది మాట్లాడకుండా లేవడం కుదరదు. పిల్లలకి వచ్చే వలలు వేరే రకం. "ఇంటర్న్‌షిప్‌కి ఎంపికయ్యారు, రిజిస్ట్రేషన్ ఫీజు 1,999", "టెలిగ్రామ్‌లో వీడియోలకి లైకులు కొడితే రోజుకి 2 వేలు", "స్కాలర్‌షిప్ డబ్బులు వేస్తాం, యూపీఐ పిన్ కొట్టండి". డబ్బు రావడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు, పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే, లేదా బ్యాలన్స్ చూసుకుంటున్నట్టు. పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇంట్లో తిడతారని రెండు రోజులు దాచి ఆ తర్వాత చెబితే అప్పటికి అది నాలుగు ఖాతాలు దాటి ఉంటుంది. ఈ మాట మా పిన్ని, బాబాయ్ ఎదురుగానే చెప్పాను, ముఖ్యంగా తిట్టడం గురించి.

ఇదంతా లాప్‌టాప్ ఉన్న పిల్లల సంగతి. మా చెల్లి తమ్ముడు డిప్లొమా రెండో ఏడాది. ఇంట్లో ఒకే లాప్‌టాప్, అది అక్క హైదరాబాదు తీసుకెళ్ళిపోతుంది. కాలేజీ ల్యాబు నాలుగింటికి తాళం వేస్తారు, ఉన్న కంప్యూటర్లలో మూడోవంతు పనిచేయవట. వాడిని చూస్తుంటే మనం ఇచ్చే లాప్‌టాప్ సలహాలన్నీ ఎవరికి ఇస్తున్నామో అనిపించింది. మూడు రోజుల కోసం వాడికి నా లాప్‌టాప్ ఇచ్చి రావడం కంటే ఇంకేదైనా ఉందా అని ఆలోచించాం.

ఫోను ఉంది, ఆండ్రాయిడ్. గూగుల్ కోల్యాబ్ ఫోను బ్రౌజర్లో తెరుచుకుంటుంది, పైథాన్ నడిచేది గూగుల్ వాళ్ళ మెషీన్ మీద కాబట్టి ఫోను ఎంత నాసిరకమైనా ఫర్వాలేదు. సీ రాసుకోవాలంటే టెర్మక్స్ పెట్టి అందులో కంపైలర్ దించుకోవచ్చు. ఫోను తెర మీద మీట అక్షరాలతో సెమికోలన్‌లు కొట్టడం నరకం గనక, ఓటీజీ అడాప్టరు ఒకటి కొని, మా ఇంట్లో అటక మీదున్న పాత యూఎస్‌బీ కీబోర్డు దుమ్ము దులిపి ఇచ్చాను. ఫోనుని స్టీలు గ్లాసుకి ఆనించి నిలబెట్టి, ఎదురుగా కీబోర్డు పెట్టుకుని మొదటి రోజే లూప్ రాసి, దాన్ని సేవ్ చేసి, "అన్నయ్యా, ఇది ఎక్కడ సేవ్ అయింది?" అని వాడే అడిగాడు. చూపించాను. ఆ కీబోర్డులో స్పేస్ బార్ మాత్రం కాస్త గట్టిగా నొక్కాలి.